ఏకనావిక ట్రాపీజ్ డింగీ

ఏకనావిక ట్రాపీజ్ డింగీ అనగా ఒకే వ్యక్తి నడపగలిగిన చిన్న పోటీ తెరచాప పడవ. ఇందులో నావికుడు పడవ అంచున కూర్చొనడానికి బదులుగా, తెరచాప కొయ్య పైభాగం నుండి వ్రేలాడే తీగకు నడుమును తగిలించుకొని, అంచుపై పాదాలు మోపి, శరీరాన్ని పూర్తిగా నీటిమీదికి వాల్చి నిలబడతాడు. ఈ తీగను ట్రాపీజ్ అంటారు. గాలి తెరచాపను ఒకవైపుకు ఒరగద్రోయగా, నావికుని బరువు పడవను రెండవవైపుకు లాగి నిలుపుతుంది. సుమారు 65 కిలోల కంటె తక్కువ బరువు గలవారికి ఈ పడవల ఎంపికలో వేగం కంటె మూడు విషయాలు ముఖ్యమైనవి. అవి తెరచాపను నిలపగలిగే బలం, బోల్తా పడిన పడవను ఒంటరిగా లేపగలగడం, పడవ నడిపే నీటి స్వభావం.

చరిత్ర

పోటీలలో ట్రాపీజ్‌ను 1938లో ఇంగ్లండులో పీటర్ స్కాట్, జాన్ వింటర్ ఇంటర్నేషనల్ 14 తరగతి పడవపై ఉపయోగించి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కప్పును గెలుచుకొన్నారు. వెంటనే ఆ తరగతిలో దీనిని నిషేధించారు. యుద్ధానంతరం ఇద్దరు నడిపే పడవలలో ఇది వ్యాపించింది. ఒంటరిగా నడిపే పడవకు దీనిని విజయవంతంగా అమర్చినవాడు ఆస్ట్రేలియాకు చెందిన బాబ్ మిల్లర్. ఈయన 1967లో రూపొందించిన కంటెండర్ పడవకు 1968లో అంతర్జాతీయ గుర్తింపు లభించింది. తరువాతి కాలంలో ఈయన బెన్ లెక్సెన్ అని పేరు మార్చుకొన్నాడు. 1983లో అమెరికాస్ కప్పును గెలిచిన ఆస్ట్రేలియా-2 నౌక రూపకర్త కూడా ఈయనే.

బరువు, దూరముల లెక్క

పడవను నిలిపే బలం నావికుని బరువును, పడవ మధ్యరేఖ నుండి ఆ బరువు ఉన్న దూరంతో గుణించగా వస్తుంది. కావున తేలికైనవారికి సహాయపడే మార్గాలు రెండే కలవు. ఒకటి తెరచాపను తగ్గించడం, రెండవది దూరాన్ని పెంచడం.

మొదటి మార్గానికి ఉదాహరణ ఇల్కా పడవ. లేజర్ అనే పాత పేరుతో దీనిని ఎక్కువమంది ఎరుగుదురు. ఒకే పడవకు మూడు పరిమాణాల తెరచాపలు ఉన్నాయి: ఇల్కా 7కు 7.06 చ.మీ., ఇల్కా 6కు 5.76 చ.మీ., ఇల్కా 4కు 4.7 చ.మీ. రెండవ మార్గమే ట్రాపీజ్.

అంచున కూర్చొని వెనుకకు వాలినవారి గరిమనాభి అంచుకు సుమారు 35 సెం.మీ. వెలుపల, ట్రాపీజ్‌పై నిలిచినవారిది సుమారు 95 సెం.మీ. వెలుపల ఉంటుందని అనుకొంటే, ఒక్కొక్క చదరపు మీటరు తెరచాపకు లభించే నిలుపుదల స్థూలంగా ఇలా ఉంటుంది (కిలో-మీటర్లలో):

* ఇల్కా 7పై 80 కిలోల వ్యక్తి - 11.9
* ఇల్కా 6పై 60 కిలోల వ్యక్తి - 10.9
* ఇల్కా 4పై 60 కిలోల వ్యక్తి - 13.4
* కంటెండర్‌పై 85 కిలోల వ్యక్తి - 13.0
* కంటెండర్‌పై 60 కిలోల వ్యక్తి - 9.2
* మస్టో స్కిఫ్‌పై 60 కిలోల వ్యక్తి - 11.1

ఇందులో తెరచాప ఎత్తును, పడవ సొంత బరువును లెక్కించలేదు. అయినప్పటికీ ఒక విషయం స్పష్టమవుతుంది. ట్రాపీజ్ ఉన్నంత మాత్రాన పడవ తేలికైనవారికి అనుకూలం కాదు. ట్రాపీజ్ ఇచ్చిన లాభాన్ని దానితోపాటు వచ్చే పెద్ద తెరచాప తిరిగి తీసివేయవచ్చు. అయితే గాలి మందంగా ఉన్నపుడు తేలికైనవారి పడవ నీటిలో తక్కువగా మునుగుతుంది కనుక వారికే మేలు.

ముఖ్యమైన పడవలు

* కంటెండర్: పొడవు 4.88 మీ., వెడల్పు సుమారు 1.4 మీ., తెరచాప 10.8 చ.మీ., ఖాళీ పడవ బరువు 83 కిలోలు. ఒకటే తెరచాప. గాలి పెరిగినపుడు తెరచాపను చదును చేసి, అడుగు పలకను కొంత పైకి లేపి ఒరుగుదలను తగ్గించుకోవచ్చు. ఒంటరి ట్రాపీజ్ నేర్చుకొనుటకు ఇది సరళమైనది.
* మస్టో స్కిఫ్: పొడవు 4.55 మీ., రెక్కలతో కలిపి వెడల్పు 2.35 మీ., ప్రధాన తెరచాప 11.52 చ.మీ. గాలివాలున పోవునపుడు 15.5 చ.మీ. గల జెన్నకర్ అనే మరొక తెరచాపను విప్పుతారు. చుక్కాని, రెండు తెరచాపల త్రాళ్ళు, ట్రాపీజ్ అన్నీ ఒక్కరే చూసుకోవాలి.
* ఆర్.ఎస్.700: దీని రెక్కలను బరువును బట్టి జరుపవచ్చు. తేలికైనవారు రెక్కలను వెడల్పు చేసుకొని, అదనపు బరువులను పడవలో ఉంచుకోవాలి. పోటీలో ఇది న్యాయమైన పద్ధతి. కాని ఒడ్డున పడవను లాగునపుడు ఆ బరువు కూడా వారిపైనే పడుతుంది.

బోల్తా, భద్రత

ఈ పడవలు బోల్తా పడటం సాధారణం. అపుడు నావికుడు అడుగు పలకపై నిలబడి, అంచును పట్టుకొని వెనుకకు వాలి, నీటితో తడిసిన తెరచాపను కొయ్యతో సహా పైకి లేపాలి. ఇక్కడ ట్రాపీజ్ తీగ సహాయపడదు. సొంత బరువే ఆధారం. రెక్కలున్న పడవ ప్రక్కకు పడినపుడు పలక నీటికి ఎత్తుగా ఉంటుంది కాబట్టి దానిపైకి ఎక్కడమే కష్టం. కావున కొనుటకు ముందు రక్షణ పడవ దగ్గరలో ఉండగా పడవను కావాలని బోల్తా కొట్టించి, అలసిన తరువాత కూడా లేపగలుగుతున్నారో లేదో చూసుకోవడం అన్నిటికన్న మంచి పరీక్ష. లైఫ్‌జాకెట్, త్వరగా విడివడే కొక్కెం, త్రాడు కోసే చిన్న కత్తి తప్పనిసరి.

కృష్ణా డెల్టాలో పరిస్థితులు

కృష్ణా డెల్టాకు తెరచాప క్రొత్తది కాదు. ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువలలో సరకు పడవలు అనుకూలమైన గాలికి తెరచాపతోను, లేనపుడు గడలతోను, ఒడ్డు నుండి లాగే త్రాళ్ళతోను నడిచేవి. పోటీ డింగీకి మాత్రం విశాలమైన నీరు కావాలి. విజయవాడలో 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీకి ఎగువన, భవానీ ద్వీపం పరిసరాలలో అటువంటి నీరు ఉంది. బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు.

అయితే ఇక్కడ కొన్ని ఇబ్బందులు కలవు. ఇంద్రకీలాద్రి, సీతానగరం కొండల చాటున గాలి నిలకడగా ఉండక విసురుగా తగులుతుంది. తీగపై వ్రేలాడేవారికి గాలి హఠాత్తుగా పెరగడం కంటె ఆగిపోవడమే ఎక్కువ చిక్కు. ఇసుక మేటల వద్ద లోతైన అడుగు పలక నేలను తాకుతుంది. నైఋతి ఋతుపవనాల గాలి వచ్చే నెలలే వరద నెలలు కూడా. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చిన వరదలో కొట్టుకువచ్చిన పెద్ద పడవలు బ్యారేజీ గేట్లను ఢీకొని కౌంటర్‌వెయిట్లను దెబ్బతీశాయి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం వద్ద పవిత్ర సంగమంలో విహార పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా మరణించారు. లేవని పడవ ప్రవాహంలో గేట్లవైపుకే పోతుంది కనుక ఈ నీటిలో పై పరీక్షకు ప్రాముఖ్యం మరింత ఎక్కువ. గేట్లు ఎత్తిన రోజులలో నీటిలోకి దిగరాదు.

తెలుగువారు, తెరచాప పోటీలు

తెలుగు ప్రాంతంలో ఈ క్రీడకు ప్రధాన కేంద్రం హైదరాబాదులోని హుస్సేన్ సాగర్. ఇక్కడ ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్, సికిందరాబాదు సెయిలింగ్ క్లబ్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ శిక్షణ ఇస్తున్నాయి. హైదరాబాద్ సెయిలింగ్ వీక్, మాన్సూన్ రెగట్టా పేరుగాంచిన పోటీలు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో హైదరాబాదుకు చెందిన ప్రీతి కొంగర ఇద్దరు నడిపే 470 మిశ్రమ విభాగంలో పాల్గొన్నది. 470లో ఒకరు ట్రాపీజ్‌పై ఉంటారు. అదే క్రీడలలో భోపాల్‌లో శిక్షణ పొందిన నేహా ఠాకూర్ ఇల్కా 4 విభాగంలో రజతం గెలిచింది. తెరచాప బరువుకు తగినదైతే తేలికైనవారు ఎంత దూరం పోగలరో దీనివలన తెలుస్తుంది.

ఎంపిక క్రమం

50 కిలోల లోపువారికి ఇల్కా 4 తగినది. దానిపై పట్టు చిక్కిన తరువాత ఇల్కా 6కు మారవచ్చు. ట్రాపీజ్‌ను మొదట 470 వంటి పడవలో, చుక్కాని మరొకరి చేతిలో ఉండగా నేర్చుకొనడం మేలు. 60 కిలోలు దాటి, ఒంటరిగా లేపే పరీక్షలో నెగ్గినవారు మందగాలిలో కంటెండర్‌ను ప్రయత్నించవచ్చు. రెక్కల పడవలు ఆ తరువాతి మెట్టు. విడిభాగాలు, తోటి పోటీదారులు దగ్గరలో లేని పడవ ఎంత వేగమైనదైనా షెడ్డులోనే ఉండిపోతుంది.