గాజుతొట్టిలో సముద్రం: నత్తలు, సన్యాసి పీతలు

ఒక గాజుపాత్రలో నీరు పోసి, రెండు చేపలను విడిచి, రోజూ మేత వేస్తూ ఉంటే ఏమవుతుందో ఆ ప్రయోగం చేసి చూచిన ప్రతి ఉపాధ్యాయునికీ తెలుసు. నాలుగు రోజులలో నీరు కలక బారుతుంది. ఆ పిమ్మట వాసన వేస్తుంది. నీరు మార్చకపోతే చేపలు వెల్లకిల పడి తేలుతాయి. 19వ శతాబ్దం మధ్య వరకు ఐరోపాలో చేపలను పెంచినవారికి నీరు మార్చడం తప్ప మరొక ఉపాయం తెలియదు. మంచినీటి చేపలకైతే అది కుదురుతుంది. సముద్రానికి దూరంగా ఉన్న ఊరిలో సముద్రపు ప్రాణిని పెంచదలచినవారు రోజూ కొత్త ఉప్పునీరు ఎక్కడినుండి తెస్తారు?

ఈ చిక్కును విడదీయడానికి దారి చూపినవాడు జంతుశాస్త్రజ్ఞుడు కాదు, రసాయనవేత్త. లండనులో మందులు తయారుచేసే అపోతికరీస్ హాల్‌లో పనిచేస్తుండిన రాబర్ట్ వారింగ్‌టన్, 1849లో సుమారు 12 గాలన్ల నీరు పట్టే గాజుపాత్రలో అడుగున ఇసుక, గులకరాళ్ళు పరచి, రెండు చిన్న బంగారు చేపలను, ఒక వాలిస్నేరియా మొక్కను ఉంచినాడు. చేప విడిచే బొగ్గుపులుసు వాయువును మొక్క తీసుకొంటుందనీ, మొక్క విడిచే ఆమ్లజనిని చేప పీల్చుకొంటుందనీ ప్రీస్ట్‌లీ, ఇంగెన్‌హౌజ్‌ల కాలం నుండి తెలిసిన సంగతే. లెక్క ప్రకారం ఈ ఇద్దరూ ఒకరినొకరు పోషించుకొంటూ నీరు మార్చకుండానే కలకాలం బ్రతకాలి.

కొంతకాలం అలాగే జరిగినది. ఆ తరువాత మొక్క ముదురాకులు కుళ్ళసాగినవి. నీటిపైనా, పాత్ర గోడలమీదా జిగురు, పచ్చని పాచి పట్టినవి. నీరు మసకబారినది. రసాయన సమీకరణం తప్పు కాదు; ఆ సమీకరణంలో చచ్చిన ఆకుకు చోటు లేకపోవడమే లోపం. చెరువులలో ఈ పని ఎవరు చేస్తున్నారని ఆలోచించి, వారింగ్‌టన్ అయిదారు చెరువు నత్తలను తెచ్చి పాత్రలో వేసినాడు. అవి కుళ్ళిన ఆకును, జిగురును తినివేసినవి. నీరు తేటపడినది. పైగా నత్తలు పెట్టిన గ్రుడ్లు చేపలకు మేత అయినవి. ఈ సంగతులను ఆయన 1850లో లండనులోని రసాయన శాస్త్ర సంఘానికి నివేదించినాడు. తొట్టిని శుభ్రపరచడానికే ఒక ప్రాణిని ఎన్నుకొని వేయడమనే ఆలోచనకు శాస్త్రీయమైన పునాది ఇదే అనవచ్చును. చేప అందానికి, మొక్క గాలికి. మూడవదైన నత్త మాత్రం కేవలం పనికోసం వచ్చినది.

ఇక సముద్రం సంగతి. 1846లో ఆనా థిన్ అనే ఆమె ఇంగ్లండు దక్షిణ తీరాన టార్కీ నుండి కొన్ని రాతి పగడాలను సజీవంగా లండనుకు తెచ్చినది. వాటిని బ్రతికించడానికి ఆమె ఇంటి పనిమనిషి కిటికీ దగ్గర నిలబడి, నీటిని ఒక పాత్రలోనుండి మరొక పాత్రలోకి పోస్తూ గాలి పట్టించవలసి వచ్చేది. మన ఇండ్లలో వేడి కాఫీని తిరగబోసినట్లే. శాస్త్ర చరిత్రలో ఆ పనిమనిషి పేరు నిలువలేదు. ఆమె చేతులు చేసిన పనిని ఈనాడు విద్యుత్తుతో నడిచే పంపులు చేస్తున్నవి. మరుసటి సంవత్సరం థిన్ సముద్రపు నాచును కూడ తెచ్చి ఆ పాత్రలలో చేర్చినది.

1852 నుండి వారింగ్‌టన్ తన పద్ధతిని ఉప్పునీటిలోనూ ప్రయత్నించినాడు. ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు కూడ అదే కాలంలో అదే పనిలో ఉన్నాడు. 1853లో లండను రీజెంట్స్ పార్క్ జంతుశాలలో ప్రజల కోసం మత్స్యశాల తెరిచినారు. 1854లో గాస్ 'ది అక్వేరియం' అనే గ్రంథం ప్రకటించినాడు. అక్వేరియం అనే మాట ఈ అర్థంలో వాడుకలోకి వచ్చినది ఆ గ్రంథంతోనే. తొట్టి గాజుమీద పట్టిన పాచిని సముద్రపు నత్త ఎలా గీకి తింటుందో గాస్ భూతద్దంతో పరీక్షించినాడు. నత్త నాలుక ఒక సన్నని పట్టీ. దానిమీద ఆకురాయికి ఉన్నట్లు వరుసలు వరుసలుగా పండ్లు ఉంటాయి. నత్త నడిచిన మేర గాజుమీద వంపు వంపుగా గుర్తులు పడడం చూచి, కొడవలితో గడ్డి కోసిన మనిషి వెనుక మిగిలే చాళ్ళు ఆయనకు జ్ఞాపకం వచ్చినవి.

ఆ దశాబ్దంలో ఇంగ్లండులో గాజుతొట్టి ఒక పిచ్చిగా వ్యాపించినది. 1845లో గాజుమీద పన్ను తీసివేయడం, రైళ్ళు సముద్రతీరాలకు చేరడం అందుకు తోడ్పడినవి. సముద్రతీరపు రాతి గుంటలలోని ప్రాణులను జనం బుట్టలతో ఎత్తుకొనిపోయినారు. తన తండ్రి వ్రాసిన పుస్తకాలే ఆ తీరాలను బోసి చేసినవని కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో ప్రకటించిన 'ఫాదర్ అండ్ సన్'లో విచారించినాడు. ఈ మాటను గుర్తుంచుకోవాలి. నూరేండ్ల తరువాత ఇదే కథ మరొక తీరాన మళ్ళీ నడిచినది.

నత్త తరువాత తొట్టిలోకి వచ్చిన ముఖ్యమైన పనివాడు సన్యాసి పీత. దీనిని మన పిల్లలు భీమునిపట్టణం వంటి చోట్ల సముద్రపు ఒడ్డు రాళ్ళమధ్య చూడవచ్చును. నత్తగుల్ల పరుగెత్తుతున్నట్లు కనిపిస్తే అది నత్త కాదు. ముందు భాగం పీతవలె గట్టిది; వెనుక భాగం మెత్తగా, వంకరగా ఉంటుంది. దానికి రక్షణ కావాలి కాబట్టి చచ్చిన నత్త విడిచిన గుల్లలో దూరి బ్రతుకుతుంది. పెరిగిన కొద్దీ పెద్ద గుల్లకు మారుతుంది. ఈ సంగతి 2,300 సంవత్సరాల క్రిందట అరిస్టాటిల్‌కే తెలుసు. పరుల గుల్లలో ఉండే ఈ జీవి మూలంగా మరొక జీవిమీద అపవాదు పడినది. ఆర్గొనాట్ అనే అష్టపాది జాతి జీవి ఉండే పలుచని గుల్ల దాని సొంతమా, లేక సన్యాసి పీతవలె అదీ దొంగిలించినదా అని పండితులు చాలకాలం వాదించుకొన్నారు. సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో ఝాన్ విల్‌ప్రో పవర్ అనే ఫ్రెంచి స్త్రీ, 1832లో తయారుచేసుకొన్న గాజుతొట్లలో ఆర్గొనాట్లను పెంచి, గుల్లను అవే నిర్మించుకొంటాయనీ, పగిలితే అవే అతుకు వేసుకొంటాయనీ రుజువు చేసినది.

ఒంటరిగా గుహలో ఉండేవానివలె కనిపించడంచేత దీనికి సన్యాసి అని పేరు వచ్చినది గాని, గాస్ కాలపు ఇంగ్లీషువారు దీనినే సిపాయి పీత అని కూడ పిలిచేవారు. గుల్లకోసం ఇది చేసే పోట్లాటలు చూచినవారికి రెండవ పేరే సరిపోయినదనిపిస్తుంది.

మన దేశంలో మొదటి సముద్ర జలచరశాల 1909లో మద్రాసు సముద్రతీరాన తెరువబడినది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ సంకల్పించిన పని అది. ఆ రోజులలో ఆంధ్ర తీరంలో చాల భాగం మద్రాసు రాజధానిలోనిదే. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పనిచేసిన జె. ఆర్. హెండర్సన్, 'చాలెంజర్' ఓడ ప్రపంచ యాత్రలో సేకరించిన సన్యాసి పీతలను, వాటి బంధువులను వర్ణిస్తూ 1888లో పెద్ద నివేదిక ప్రకటించినాడు. ఈ చిన్న జీవుల శాస్త్రానికి మద్రాసుతో అంత పాత సంబంధం ఉన్నది.

అయినా దాదాపు ఒక శతాబ్దం పాటు తొట్టిలో పగడాన్ని దీర్ఘకాలం పెంచడం అరుదైన విద్యగానే ఉండిపోయినది. పెద్ద జలచరశాలలు ఈ చిక్కును పెద్ద నీటి కోనేరుతో దాటినవి: 1871లో లండను క్రిస్టల్ పాలెస్‌లో ఆల్ఫర్డ్ లాయిడ్ నిర్మించిన శాలలో తొట్లకంటె నేలక్రింది చీకటి కోనేరే పెద్దది. ఇంట్లో ఉంచే తొట్టికి ఆ వసతి లేదు. నత్త కుళ్ళిన ఆకును తిన్నంత మాత్రాన ఆ పదార్థం మాయం కాదు గదా! నత్త కూడ విసర్జిస్తుంది. ఆ విసర్జనలో అమ్మోనియా ఉన్నది. దానిని నైట్రైట్‌గానూ, నైట్రైట్‌ను నైట్రేట్‌గానూ మార్చే బాక్టీరియాలను 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపినాడు. కంటికి కనబడని ఈ పనివారే అసలు పని చేస్తున్నారు. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రంలోని పగడపు రాళ్ళను, వాటిమీది జీవరాశితో సహా తెచ్చి, గాలి బుడగలు తప్ప వేరే యంత్రం లేకుండా తొట్టి నడిపే పద్ధతిని ప్రకటించినాడు. ఆ రాళ్ళ రంధ్రాలలో బాక్టీరియాలు, పురుగులు, చిన్న రొయ్యలు కాపురముంటాయి. ఆ దారినే జర్మనులు, తరువాత అమెరికనులు నడిచినారు. 1980ల నాటికి ఇంటి తొట్టిలో పగడపు దిబ్బ సాధ్యమైనది. దానితోపాటు శుభ్రపరచే ప్రాణులకు గిరాకీ వచ్చినది.

ఈ ప్రాణుల ఎన్నిక పేర్లు చూచి చేసేది కాదు, నోళ్ళు చూచి చేసేది. గాజుమీది పలుచని పాచిని గీకడానికి టర్బో వంటి నత్తలు తగినవి. నసేరియస్ నత్త పాచిని ముట్టదు. ఇసుకలో దాగి ఉండి, మాంసం వాసన తగలగానే తొండం పైకెత్తి బయలుదేరుతుంది. మిగిలిపోయిన మేత దానిది. రాళ్ళ సందులలోని పోగుల నాచుకు, మేత ముక్కలకు కరీబియన్ సముద్రపు నీలికాళ్ళ సన్యాసి పీత, ఎర్ర సన్యాసి పీత పేరుపొందినవి. నీలికాళ్ళది చురుకైనది, కయ్యాలమారి. ఎర్రది కొంత నెమ్మది. తొట్టిలో వేర్వేరు పరిమాణాల ఖాళీ గుల్లలు ఉంచకపోతే పీత తన అవసరం కోసం బ్రతికి ఉన్న నత్తను చంపి, దాని గుల్లలో దూరుతుంది. పనివారిని పెట్టుకొని వారికి ఇల్లు చూపనివాడు ఈ నష్టానికి పీతను నిందించడం న్యాయం కాదు.

ఇంకొక పొరపాటు చల్లని సముద్రాల నత్తలను వెచ్చని తొట్లకు అమ్మడం. పసిఫిక్ ఉత్తర తీరపు మార్గరైటిస్ నత్త 25 డిగ్రీల నీటిలో కొద్దికాలమే ఉంటుంది. ఇసుకను తవ్వే నక్షత్ర చేప ఇసుకలోని చిన్న జీవులన్నింటినీ తిని, ఆపై ఆకలితో చస్తుంది. చేపల జబ్బుకు వాడే రాగి మందు నత్తలకు, పీతలకు విషం. పనివారి సంఖ్య పెరిగిన కొద్దీ వారి విసర్జన, వారి చావులు కూడ తొట్టిలోనే కలుస్తాయి కాబట్టి కొద్దిమందితో ఆరంభించడమే మంచిది.

ఈ గిరాకీని తీర్చిన ముఖ్య స్థలాలలో ఒకటి అమెరికాలోని ఫ్లోరిడా తీరం. అక్కడ 1994 నుండి 2007 వరకు పట్టిన అలంకార ప్రాణుల లెక్కలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2009లో తమ ఫలితాలు ప్రకటించినారు. 2007 ఒక్క సంవత్సరంలో పట్టిన వెన్నెముక లేని ప్రాణులు 90 లక్షలు. అందులో 60 లక్షలు పాచి మేసేవి. పట్టుబడి ఏటా సుమారు 10 శాతం పెరుగుతూ వచ్చినది. ఒకప్పుడు అందమైన గుల్లల కోసం, రంగుల కోసం సముద్రాన్ని వెదికేవారు. ఇప్పుడు పనివారి కోసమే ఎక్కువగా వెదుకుతున్నారని ఆ లెక్క తెలిపినది.

మేసే ప్రాణి తొలగిపోతే పగడపు దిబ్బకు ఏమవుతుందో కరీబియన్ సముద్రం అంతకు మునుపే చూచినది. అక్కడి దిబ్బలమీద డయడెమా అనే పొడుగు ముళ్ళ నల్లని సముద్రపు అర్చిన్ పాచి మేసేది. పాచిని తినే చేపలను మనుషులు అప్పటికే చాలచోట్ల పట్టివేసినందున ఆ భారమంతా దానిమీదనే పడినది. 1983లో పనామా దగ్గర మొదలైన తెగులు ఏడాది తిరిగేసరికి ఆ సముద్రమంతటా వ్యాపించి, నూటికి తొంభైకి పైగా అర్చిన్లను చంపినది. జమైకా దిబ్బలమీద, 1980లో వచ్చిన తుపాను దెబ్బకు ఇదీ తోడై, 1970ల చివర సగానికి మించి ఉన్న పగడం 1990ల ఆరంభానికి 5 శాతం లోపునకు పడిపోయినది. ఆ చోటంతా నాచు ఆక్రమించినది. తిరిగి 2022లో మరొకసారి తెగులు వచ్చినప్పుడు, దానికి కారణం శైలికలు గల ఒక ఏకకణజీవి అని 2023లో గుర్తించినారు. 1983 నాటి తెగులుకు కారణం మాత్రం ఆనాడు దొరకలేదు.

ఫ్లోరిడా కీస్ దీవుల దగ్గర కొందరు పరిశోధకులు తొట్టి యజమానుల ఉపాయాన్నే సముద్రంలో ప్రయోగించినారు. తొట్లలో బుడగనాచును తినడానికి వాడే పచ్చపీతకు దగ్గర చుట్టమైన కరీబియన్ రాజపీతను ఎన్నుకొని, నాచు కప్పిన చిన్న దిబ్బలమీద విడిచినారు. కొన్ని దిబ్బలను ముందుగా చేతులతో గీకి శుభ్రం చేసి, ఆ పిమ్మట పీతలను ఉంచినారు. 2021లో ప్రకటించిన ఫలితాల ప్రకారం నాచు 50 నుండి 80 శాతం తగ్గినది. ఆ దిబ్బలమీద కొత్త పగడపు మొలకలు మూడు నుండి అయిదు రెట్లు ఎక్కువగా నాటుకొన్నవి.