నెక్కొండ షికారు: తుపాకీ పేలకముందు



పాతబస్తీలో ఎవరైనా మరీ గొప్పలు పోతే "బడా ఆయా తీస్ మార్ ఖాన్" అని నవ్వుతారు. ఆ మాట ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీదే పుట్టిందని, హుజూర్ ముప్పై పులుల్ని కొట్టారని మన బుజుర్గులు చెప్పుకుంటారు. లెక్క సంగతి అల్లాకే తెలుసు. పురానీ హవేలీలో ఉన్న ఆ నవాబు షికారు షౌక్ మాత్రం ఉత్త కిస్సా కాదు. అయితే ఈరోజు నేను రాసేది నిషానా గురించి కాదు. తుపాకీ పేలకముందు జరిగే ఇంతెజామ్ గురించి.

రాజా దీన్ దయాళ్ పేరు మీద ఒక మష్హూర్ తస్వీర్ ఉంది. లార్డ్ కర్జన్, ఆయన బేగం నిలబడి ఉంటారు, ముందు చచ్చిన పులి పడి ఉంటుంది. 1902 ఎండాకాలం, వరంగల్ వైపు నెక్కొండ దగ్గరి అడవి. ఆ తస్వీర్ చూసేవాళ్లు పులినే చూస్తారు. నాకైతే బేరార్ కనిపిస్తుంది. ఎందుకంటే ఆ మార్చి ఆఖరులోనే కర్జన్ హైదరాబాద్ వచ్చి, మహబూబ్ పాషాతో ఏకాంతంగా కూర్చుని, బేరార్‌ను శాశ్వత కౌలుకు ఒప్పించుకున్నాడు. నవంబరులో కాగితాల మీద దస్తఖత్‌లు అయ్యాయి. ఏడాదికి 25 లక్షల రూపాయలు, బేరార్ ఇక వెనక్కి రాదు. అంత ఇలాకా చేజారిపోయే సంవత్సరంలో, దాన్ని పట్టుకుపోయిన మెహమాన్‌కి రియాసత్ అడవిలో పులిని చూపించాల్సి వచ్చింది. మెహమాన్‌నవాజీ అంటే ఇదీ! పులి దొరక్కపోతే అది షికారీ తప్పు కాదు, రియాసత్ ఇజ్జత్ సవాలు.

మరి తెలియని అడవిలో పులి ఖచ్చితంగా దొరకాలంటే ఏం చెయ్యాలి?

మొదటిది మౌసమ్. కణితి కొమ్ములు కావాలంటే చలికాలం దాటకముందే వెళ్లాలి, ఎండలు ముదిరేసరికి మగ కణితి కొమ్ములు రాలిపోతాయి. (మన కణితినే అప్పట్లో సిలోన్‌లో ఇంగ్లీషు దొరలు 'ఎల్క్' అనేవాళ్లు. అసలు ఎల్క్ మన దేశంలో లేదు.) పులి కావాలంటే మాత్రం ఎండాకాలమే మేలు. ఆకు రాలి అడవి పలచబడుతుంది, వాగులెండి నీళ్లు నాలుగు మడుగుల్లోనే మిగులుతాయి. ఇప్పపూలు రాలే చోటికి దుప్పులు, కణితులు చేరతాయి. వాటి వెనక పులి. మౌసమ్ చివర్లో వెళ్లడం ఆలస్యం కాదు, అదే హిక్మత్.

రెండోది రాస్తా. సికిందరాబాద్ నుంచి బెజవాడకు వేసిన నిజాం రైలు 1889కే పూర్తయింది, నెక్కొండ ఆ లైన్ మీదే ఉంది. ఆ దగ్గర్లోనే పాఖాల అడవి, కాకతీయ గణపతిదేవుడి కాలం నాటి చెరువు. డేరాలు, బావర్చీలు, కార్తూస్ పెట్టెలు రైల్లో స్టేషన్ దాకా వెళ్లగలవు. అక్కడి నుంచి బండ్లు, మనుషుల భుజాలు.

అసలు పని అక్కడే మొదలవుతుంది. కలకత్తా నుంచి వచ్చిన వైస్రాయ్‌కీ తెలియదు, పాతబస్తీ నుంచి వెళ్లిన సర్దార్లకీ తెలియదు, ఏ మడుగులో ఇంకా నీళ్లున్నాయో. తెలిసినవాళ్లు అక్కడి కోయలు, పల్లెల షికారీలు. ఇసుకలో పంజా గుర్తు చూసి ఆడదో మగదో, రాత్రిదో నిన్నటిదో చెప్పేది వాళ్లే. కణితి 'ధాంక్' మని అరిస్తే పులి కదిలిందని పట్టేదీ వాళ్లే. సాయంత్రం దున్న దూడని కట్టి, తెల్లారి వెళ్లి చూసుకోవాలి. పులి చంపి ఉంటే, కడుపునిండా తిని నీళ్ల దగ్గర నీడలో పడుకుంటుంది. అందుకే హాంకా మిట్టమధ్యాహ్నం. ఒక వైపు మచాన్ మీద మెహమాన్, ఎదురుగా అర్ధచంద్రాకారంలో డప్పులతో, కేకలతో నడిచే జనం. పక్కకి తప్పించుకోకుండా చెట్లెక్కి కొమ్మల్ని మెల్లగా తట్టేవాళ్లు వేరే. గురి తప్పి పులి జఖ్మీ అయితే అది తిరిగేది మచాన్ మీదికి కాదు, నేల మీద చేతిలో కర్రతో ఉన్నవాడి మీదికి.

ఆ కర్ర పట్టుకున్నవాడు ఖుషీగా వచ్చాడా? తెలంగాణలో వెట్టి ఏమిటో మనవాళ్లకి చెప్పక్కర్లేదు. అధికారి దౌరాకి వస్తే కట్టెలు, పాలు, కోళ్లు, సామాను మోత, అంతా ఊరి మీదే, పైసా లేకుండా. 1930ల్లో ఆంధ్ర మహాసభ పట్టుకున్న పెద్ద ఫిర్యాదుల్లో ఇదొకటి. దౌరాకే ఇంత అయితే షాహీ షికారు ఊరి మీద ఎంత బరువో అందాజా వేసుకోండి. నిజాముల ఖైరాత్ గురించి మన ఇళ్లలో చాలా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. ఇది కూడా అదే తారీఖ్‌లో భాగం, పిల్లలకి దాచిపెట్టి చెప్తే సగమే చెప్పినట్టు.

ఇక దీన్ సంగతి. షికారు మన షరీఅత్‌లో జాయిజ్. సూరా మాయిదాలో తర్ఫీదు ఇచ్చిన జంతువులు పట్టినదాన్ని అల్లాహ్ పేరు తీసుకుని తినమని ఇజాజత్ ఉంది. తుపాకీ వచ్చాక మసలా కాస్త ముదిరింది. గుండు దెబ్బకే చచ్చిన జంతువు హలాల్ కాదని మన వైపు హనఫీ ఉలమాలో ఎక్కువమంది మాట. అందుకే ముస్లిం షికారీల్లో ఒకరు ఛురీ పట్టుకుని సిద్ధంగా ఉండేవాళ్లు. కణితి పడగానే పరుగెత్తి, ప్రాణం ఉండగానే బిస్మిల్లాహ్ అని జబహ్ చెయ్యాలి. అటు ప్రాణమున్నదాన్ని గురి నేర్చుకోడానికి నిలబెట్టొద్దని హదీస్ ఉంది. తినడానికి వేటాడటానికీ, సరదాకి చంపడానికీ ఉలమా తేడా చూపించింది ఊరికే కాదు.

నెక్కొండలో ఛురీతో పని లేదు. కోరపళ్ల జంతువు గోష్త్ మనకి హరామ్. కణితి పడితే ఊరంతటికీ ఓ పూట కూర దొరికేది. పులి పడితే తోలు మెహమాన్‌కి, తస్వీర్ ఆల్బమ్‌కి. డప్పు కొట్టినవాళ్లు సాయంత్రానికి ఆకలితో ఇళ్లకి నడిచి వెళ్లేవాళ్లు.