కరీంనగర్ ఇచ్చిన చేబదుళ్లు

ఎం. సత్యనారాయణరావుది మొహమాటం తెలియని నోరు. కరీంనగర్‌లో చిన్నా పెద్దా అందరికీ ఆయన ఎమ్మెస్సార్. 2006లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వంలో దేవాదాయ శాఖ మంత్రిగా ఉండగా కేసీఆర్‌కు ఓ సవాలు విసిరారు. తెలంగాణవాదానికి జనంలో అంత బలముంటే కరీంనగర్ ఎంపీ పదవికి రాజీనామా చేసి మళ్లీ గెలిచి చూపించమన్నారు. కేసీఆర్ సరేనన్నారు. ఆ డిసెంబరు ఉప ఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థి జీవన్‌రెడ్డిని రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడించారు. ఎమ్మెస్సార్ మంత్రి పదవి వదులుకున్నారు.

ముప్పై అయిదేళ్లు వెనక్కి వెళ్తే, ఇదే సీటు నుంచి ఇదే తెలంగాణ మాట మీద పార్లమెంటుకు వెళ్లింది ఆ ఎమ్మెస్సారే. 1971లో దేశమంతా ఇందిర గాలి వీస్తుంటే తెలంగాణలోని 14 స్థానాల్లో 10 తెలంగాణ ప్రజాసమితి గెలుచుకుంది. కరీంనగర్‌లో ఆ పార్టీ అభ్యర్థి ఆయనే. ఆ ఏడాదే సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 1977లో, 1980లో ఆయన కాంగ్రెస్ గుర్తు మీద గెలిచారు.

చేబదులుకు కాగితం ఉండదు, వడ్డీ ఉండదు. అవసరం చూసి ఇస్తారు, అడిగిన రోజు తిరిగి ఇచ్చేయాలి. కరీంనగర్ ఓటరు మెజారిటీ ఇచ్చే పద్ధతి అచ్చం ఇదే.

ఒక సీటు, ఇద్దరు ఎంపీలు

1952 తొలి ఎన్నికల్లో ఓటు వేసే తీరే వేరు. బ్యాలెట్ కాగితం మీద అభ్యర్థి పేరూ లేదు, గుర్తూ లేదు. పోలింగ్ గదిలో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి రావాలి. కరీంనగర్ ద్విసభ్య నియోజకవర్గం కాబట్టి ఓటరుకు రెండు కాగితాలు ఇచ్చేవారు. రెండూ ఒకే పెట్టెలో వేయడానికి లేదు.

ఆ రెండు కాగితాలతో కరీంనగర్ ఇద్దరిని పంపింది. ఒకరు బద్దం ఎల్లారెడ్డి. సిరిసిల్ల దగ్గరి గాలిపెల్లి బిడ్డ, సాయుధ పోరాటంలో అనభేరి ప్రభాకరరావు సహచరుడు. కమ్యూనిస్టులు అప్పట్లో పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో బరిలోకి దిగారు. రెండోవారు షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున ఎం.ఆర్. కృష్ణ. అంబేడ్కర్ స్థాపించిన ఆ పార్టీకి దేశం మొత్తం మీద దక్కినవి రెండే లోక్‌సభ స్థానాలు. ఒకటి షోలాపూర్, రెండోది కరీంనగర్. బొంబాయిలో అంబేడ్కరే ఓడిపోయిన ఎన్నికలవి. పాలక కాంగ్రెస్‌కు ఇక్కడ ఒక్క సీటూ రాలేదు.

1957లో కృష్ణ కాంగ్రెస్ అభ్యర్థిగా మళ్లీ గెలిచారు. 1961 చట్టంతో ద్విసభ్య పద్ధతి రద్దయింది. పెద్దపల్లి ఎస్సీ రిజర్వుడు స్థానంగా ఏర్పడితే 1962లో ఆయన అక్కడికి మారారు. కరీంనగర్‌లో జె. రమాపతిరావు రెండుసార్లు గెలిచారు.

ఏటికి అటూ ఇటూ

పొరుగు సీట్ల కథలు వేరు. ఆదిలాబాద్ 1952లో సోషలిస్టు సి. మాధవరెడ్డిని పంపింది. 32 ఏళ్ల తర్వాత, 1984లో, తెలుగుదేశం అభ్యర్థిగా మళ్లీ ఆయన్నే గెలిపించింది. ఆ పార్టీ 30 మంది ఎంపీలతో లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షమైనప్పుడు సభలో దాని నాయకుడు ఆయనే. గోండుల గడ్డ అయిన ఆ స్థానం 2009 ఎన్నికల నుంచి మాత్రమే ఎస్టీ రిజర్వుడైంది. గోదావరికి రెండు ఒడ్డులా పరుచుకున్న పెద్దపల్లి బొగ్గుబావుల సీటు. 'కాకా' జి. వెంకటస్వామి అక్కడ నాలుగుసార్లు గెలిచారు. ఆయన కొడుకు వివేకానంద్ 2009లో, మనవడు వంశీకృష్ణ 2024లో గెలిచారు.

కరీంనగర్‌కు ఇలాంటి కుటుంబ వారసత్వం లేదు. 1984లో రాష్ట్రమంతా ఎన్టీఆర్ గాలి. 42 స్థానాల్లో కాంగ్రెస్‌కు మిగిలినవి ఆరే. పక్కనే హన్మకొండలో వంగర పీవీ అంతటివారు బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. కరీంనగర్ మాత్రం కాంగ్రెస్ రైతు నాయకుడు జువ్వాడి చొక్కారావును గెలిపించింది. 1989లో, 1991లో కూడా ఆయనకే ఓటేసింది. దేవాదుల ఎత్తిపోతల పథకానికి ఆయన పేరే పెట్టారు. 1996లో తెలుగుదేశం నుంచి ఎల్. రమణ వచ్చారు. 1998లో, 1999లో బీజేపీ నుంచి సీహెచ్. విద్యాసాగర్‌రావు గెలిచి కేంద్రంలో హోంశాఖ సహాయ మంత్రి అయ్యారు.

రెండు లక్షల నుంచి పదిహేను వేలకు

2001 మే 17న కేసీఆర్ తన టీఆర్ఎస్ పార్టీ సింహగర్జన సభ పెట్టింది కరీంనగర్‌లోనే. 2004లో ఇక్కడి నుంచే ఎంపీ అయ్యారు. 2006లో రెండు లక్షల పైచిలుకు మెజారిటీ వచ్చింది. 2008లో ఇంకోసారి రాజీనామా చేసి బరిలో దిగితే, అదే జీవన్‌రెడ్డి మీద వచ్చిన మెజారిటీ సుమారు పదిహేను వేలు. ఏడాదిన్నరలో అంత తేడా! ఓటరు కేసీఆర్‌ను వదులుకోలేదు. ఎన్నిసార్లు అడుగుతావని మాత్రం అడిగినట్టే. 2009 సాధారణ ఎన్నికల్లో ఆయన మహబూబ్‌నగర్ వెళ్లిపోయారు. ఇక్కడ కాంగ్రెస్ నుంచి పొన్నం ప్రభాకర్ గెలిచారు. అయినా ఆ నవంబరు 29న ఆమరణ దీక్షకు కేసీఆర్ బయల్దేరింది కరీంనగర్ నుంచే. ఊరు దాటి మానేరు వంతెన అవతల అలుగునూరుకు చేరేసరికి పోలీసులు అరెస్టు చేశారు.

2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో తెలంగాణ బిల్లు గట్టెక్కేనాటికి కరీంనగర్ ఎంపీ పొన్నమే. రాష్ట్రం ఇచ్చిన పార్టీ మనిషే, దాని కోసం సభలో కొట్లాడిన మనిషే. మూడు నెలలు తిరగకుండానే టీఆర్ఎస్ అభ్యర్థి వినోద్‌కుమార్ చేతిలో ఓడిపోయారు.

ఆ వినోద్‌నూ 2019లో ఇంటికి పంపారు. 2018 అసెంబ్లీ ఎన్నికల్లో కరీంనగర్‌లో ఓడిన బండి సంజయ్‌ను నెలలు గడవకముందే బీజేపీ ఎంపీగా గెలిపించారు. 2023లో మళ్లీ అదే అసెంబ్లీ సీటులో ఓడించి, 2024లో 2,25,209 ఓట్ల మెజారిటీతో ఢిల్లీ పంపారు. విద్యాసాగర్‌రావు చేసిన హోంశాఖ సహాయ మంత్రి పదవే ఆయనకూ దక్కింది.

ఇన్ని రంగుల జెండాలు మార్చిన సీటు ఏడు దశాబ్దాల్లో ఒక్క మహిళనూ పార్లమెంటుకు పంపలేదు. ఆ బాకీ అలాగే ఉంది. ఇంకో లెక్క కూడా చూడండి. ఎమ్మెస్సార్, చొక్కారావు, కేసీఆర్ ఈ గడ్డ మీద మూడేసి సార్లు గెలిచారు. అంతకు మించి ఇక్కడ ఎవరూ గెలవలేదు. బండి సంజయ్ ఖాతాలో ఇప్పుడు రెండు ఉన్నాయి.