పాతిక ఓట్ల బజారు

2024 మే 11, శనివారం, సాయంత్రం ఐదున్నర. విజయవాడ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీద మీ బండి నత్తనడక నడుస్తోంది. తారు ఇంకా సెగలు కక్కుతోంది. ముందు వైసీపీ ఫ్యాను జెండాల ఆటో, వెనక టీడీపీ సైకిలు జెండాల ఆటో. రెండు మైకుల పాటలూ కలగలిసి ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. ఆరింటికి ప్రచారం ఆగిపోవాలి. ఆ తొందరే ఇదంతా.

వెనక వదిలొచ్చింది ముత్యాలంపాడు, సత్యనారాయణపురం. ముందున్నవి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ. అన్నీ కలిపి విజయవాడ సెంట్రల్. 2019లో ఇక్కడ వైసీపీ నుంచి మల్లాది విష్ణు టీడీపీ అభ్యర్థి బోండా ఉమామహేశ్వరరావు మీద గెలిచింది 25 ఓట్లతో. నోటాకు పడ్డవే అంతకు ఎన్నో రెట్లు. అప్పుడు ఓడిన ఉమ ఈసారీ బరిలో ఉన్నారు, గెలిచిన విష్ణు లేరు. ఆయన స్థానంలోకి పశ్చిమ నియోజకవర్గం నుంచి వెలంపల్లి శ్రీనివాస్‌ను తెచ్చింది పార్టీ. మూడో పక్కన సీపీఎం బాబూరావు.

వంతెన దిగి టీ కొట్టు దగ్గర ఆగండి. ఏప్రిల్ 13 రాత్రి ముఖ్యమంత్రి జగన్ బస్సు యాత్ర మీద రాయి పడింది ఈ సింగ్‌నగర్‌లోనే. ఆయన నుదుటికి గాయమైంది, పక్కనున్న వెలంపల్లి కంటికి దెబ్బ తగిలింది. నెల కావస్తున్నా వాదన తెగలేదు. ఒకాయన హత్యాయత్నం అంటాడు, గ్లాసు కింద పెట్టకుండానే ఇంకొకాయన నాటకం అంటాడు. టీ డబ్బులు మాత్రం ఇద్దరివీ ఒకరే ఇస్తారు.

ఆరైంది. మైకులు ఆగాయి. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. సందులోకి టీడీపీ బూత్ ఏజెంటు వస్తున్నాడు, చేతిలో నలిగిన ఓటర్ల జాబితా. మనవాళ్లకు పచ్చ టిక్కు, అవతలివాళ్లకు ఎర్ర టిక్కు, తేలనివాళ్లకు ఖాళీ.

"పిన్నిగారూ, పెద్దోడు బయల్దేరాడా?"

"హైదరాబాద్‌లో బస్సు దొరకలేదంట నాయనా. రేపు రాత్రికి ఎలాగైనా వస్తానన్నాడు."

"రప్పించండి. పోయినసారి రాలేదనే కదా మనకీ తిప్పలు!"

ఈ మాట ప్రతి సందులోనూ వినబడుతుంది. జ్వరమొచ్చి పడుకున్నవాడు, పెళ్లికి వెళ్లినవాడు, క్యూ చూసి వెనక్కి తిరిగినవాడు, అందరూ ఆ పాతికలో తామూ ఒకరమనే చెప్పుకుంటారు. ఐదేళ్లలో ఆ పాతిక వందలైంది.

పక్కింటి అరుగు మీద ముసలమ్మకు వేరే బాధ. వాలంటీరు ఇంటికి తెచ్చిచ్చే పింఛను ఈ నెల బ్యాంకులో పడింది. "ఎండలో పోయి తెచ్చుకున్నానయ్యా. మీరు ఆపారని వాళ్లు, వాళ్లు ఆపారని మీరు. నడిచింది నేను." ఏజెంటు నవ్వి ఊరుకున్నాడు, గడి ఖాళీగా వదిలేశాడు. ఎదురింటి తాపీమేస్త్రికి భూమి హక్కుల చట్టం మీద కోపం: "నా స్థలం పుస్తకం మీద జగన్ బొమ్మేంటి?" ఇక్కడ మాత్రం పెన్ను తడబడలేదు.

సోమవారం పోలింగ్‌లో ఒక్కొక్కరికీ రెండు ఓట్లు, ఎమ్మెల్యేకు ఒకటి, ఎంపీకి ఒకటి. ఎంపీకి ఫ్యాను మీద కేశినేని నాని, సైకిలు మీద ఆయన సొంత తమ్ముడు చిన్ని. ఒకటి ఇటు, ఒకటి అటు వేస్తారేమోనని ఏజెంటుకు గుబులు. అందుకే ప్రతి గుమ్మంలో రెండు వేళ్లు చూపించి మరీ చెబుతున్నాడు: "రెండూ ఒకదానికే!"

ఇంటింటికీ తిరిగి చేసిన ఈ లెక్క జూన్ 4న ఓట్లు లెక్కించినప్పుడు ఎక్కడా కనబడదు. పోయినసారి ఇద్దరికీ చెరో డెబ్బై వేల చిల్లర వచ్చిన చోట, ఈసారి ఉమ ఆధిక్యమే 68 వేలు దాటుతుంది. టిక్కులు పెట్టినవాళ్లకు ఆ ముసలమ్మలాంటి ఖాళీ గడులు ఎన్నో తెలుసు. అవి ఎటు కదులుతున్నాయో అడగడానికి మాత్రం తీరిక లేకపోయింది.