ఓడీ చెరువులో వెతికితే కొత్తచెరువు షాపు ఎందుకొస్తుంది? సెర్చ్‌కి ‘దూరం’ నేర్పేది ఇలా..

ఓబులదేవరచెరువులో రాత్రిపూట మందుల షాపు కోసం ఫోన్‌లో వెతికేవాళ్లకు కావాల్సింది దగ్గర్లో ఉన్న షాపు. ‘మందుల షాపు’ అన్న మాటలున్న పేజీ కాదు. కానీ మామూలు టెక్స్ట్ సెర్చ్ ఇంజిన్‌కి ఈ తేడా తెలియదు. పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిదే దాని పని.. ఏ మాట ఏ పేజీలో ఉందో చెబుతుందంతే.

అసలు చిక్కు పేరుతోనే మొదలు. ఓబులదేవరచెరువు, ఓడీ చెరువు, ఓడీసీ.. ఊరు ఒక్కటే, రాతలు మూడు. ‘చెరువు’ అన్న మాట దొరికింది కదా అని అదే జిల్లాలోని కొత్తచెరువునూ చూపించేయొచ్చు. పైగా 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. అంతకుముందు ఎక్కించిన అడ్రస్‌లన్నీ అనంతపురం జిల్లా పేరుతోనే ఉంటాయి. అందుకే పేర్లన్నీ ఒకే ఊరివని ముందు ఓ జాబితాలో రాసిపెట్టాలి. చాలామంది ఈ పని వదిలేసి నేరుగా మ్యాప్ మీద పడతారు.. అక్కడే దెబ్బతింటారు.

తర్వాత ప్రతి షాపుకూ అక్షాంశం, రేఖాంశం జత చేయాలి. ఓడీ చెరువు దాదాపు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. ఒక డిగ్రీ అక్షాంశం అంటే సుమారు 111 కిలోమీటర్లు. కాబట్టి 10 కిలోమీటర్ల లోపల వెతకాలంటే అటూ ఇటూ 0.09 డిగ్రీలు చాలు. ఇంజిన్ ముందుగా ఓ చతురస్రం గీసి బయటివన్నీ తీసేస్తుంది. మిగిలిన కొన్నింటికే అసలు దూరం లెక్కగడుతుంది. లక్షల అడ్రస్‌లున్నా జవాబు చిటికెలో రావడానికి కారణం ఇదే. అపాచీ సోలర్‌లో 2011లో వచ్చిన 3.1 వెర్షన్‌తో ఈ సౌకర్యం మొదలైంది.

ఇంకో దారి.. చోటునే అక్షరాలుగా మార్చేయడం. 2008లో వచ్చిన జియోహాష్ చేసేది అదే. మన దగ్గర తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్, ఇస్రో ఎన్‌ఆర్‌ఎస్‌సీతో కలిసి తయారు చేసిన డిజిపిన్ 2025 మేలో అందుబాటులోకి వచ్చింది. దేశాన్ని 16 గడులుగా, ఒక్కో గడిని మళ్లీ 16గా.. ఇలా పదిసార్లు విడగొడతారు. చివరికి సుమారు 4 మీటర్ల గడికి పది అక్షరాల కోడ్ వస్తుంది. మొదటి ఆరు అక్షరాలు కలిస్తే రెండు చోట్లూ దాదాపు కిలోమీటరు గడిలోనే ఉన్నట్టు. అక్షరాలు పోల్చడం టెక్స్ట్ ఇంజిన్‌కి వెన్నతో పెట్టిన విద్య కదా!

ఇక్కడో మెలిక ఉంది. గడి గీత సరిగ్గా వీధి మధ్యలో పడితే ఎదురెదురు ఇళ్లకే వేర్వేరు కోడ్‌లు రావచ్చు. అందుకే చుట్టూ ఉన్న ఎనిమిది గడులనూ కలిపి వెతకాలి.

ఈ లెక్కలన్నీ గాలిలో గీత గీసిన దూరమే చెబుతాయి. మధ్యలో గుట్టో, చెరువో అడ్డొస్తే బండి మీద వెళ్లే దూరం పెరుగుతుంది. అది తేలాలంటే రోడ్ల మ్యాప్ వేరేగా కావాలి. ఇక ఫోన్‌లో లొకేషన్ ఆఫ్‌లో ఉంటే ఊరి పేరో, పిన్‌కోడో అడగడమే మార్గం.. అప్పుడు మళ్లీ ఆ మూడు పేర్ల జాబితానే దిక్కు.