పిడికిలికి తగిన పిడి

ఆదివారం పొద్దున్నే బాల్కనీలో స్టూలు వేసుకుని వాల్‌నట్ చెక్కను ఉప్పు కాగితంతో రుద్దుతున్నాను. కింద గ్రాండ్ కెనాల్ డాక్ నీళ్లు, ఎదురుగా గాజు ఆఫీసులు. చెక్క పొడి గాలికి లేచి ఇంట్లోకి వస్తోందని మా ఆవిడ తలుపు వేసేసింది. పొడి ఒక సాకు మాత్రమే. ఆమె కోపం చెక్క మీద కాదు, ఆ చెక్క తగిలించబోయే వస్తువు మీద.

ఆ వస్తువు ఒక ఎయిర్ పిస్టల్. సెకండ్ హ్యాండ్‌ది. పది మీటర్ల దూరంలో, నడిమి చుక్క పదకొండున్నర మిల్లీమీటర్లుండే కాగితాన్ని కొట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఈ మాటే ఆమెకు పదిసార్లు చెప్పాను. ఆమెది కర్నూలు జిల్లా. ఎవరింట్లో ఏముందో ఊరంతటికీ తెలిసినా ఎవరూ పైకి అనని రోజుల్లో పెరిగింది. "ఇంట్లో తుపాకీ పెట్టుకోవడానికా మనం ఇంత దూరం వచ్చింది?" అంది. నా దగ్గర జవాబు లేదు. కాకినాడలో కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ వాళ్లు పాయింట్ టూటూ రైఫిల్‌తో అయిదు తూటాలు కాల్పించారు, ఆ అయిదూ నన్ను వదల్లేదు. ఇది జవాబు కాదని నాకూ తెలుసు.

డబ్బు సంగతి ముందు చెప్పేస్తాను. కొత్త పిస్టల్ ధర చూసి కళ్లు తిరిగాయి. పాతది కొన్నాను. దాని పిడి ఎవరో ఆరడుగుల మనిషి చేతికి చేసినది. నా చెయ్యి అందులో పెద్దన్నయ్య చెప్పులో కాలు పెట్టినట్టుంది. కొలతలకు చేయించిన పిడి కొనాలంటే నెల కిరాణా ఖర్చు. అందుకే ఉప్పు కాగితం, ఒక ఆకురాయి, మన ఎం-సీల్ లాంటి ముద్ద. చెక్క ఎక్కడ ఎక్కువుందో అక్కడ తీయడం, ఎక్కడ తక్కువుందో అక్కడ ముద్ద పెట్టి, అది గట్టిపడేలోపు గట్టిగా పట్టుకుని కూచోవడం. ట్రిగ్గర్ జోలికి మాత్రం పోలేదు. అది లైసెన్సున్న డీలరు పని.

డాలస్‌లో ఉన్న మా బావకి ఫోన్ చేస్తే నవ్వాడు. ఆయన అక్కడ ప్రాక్టికల్ షూటింగ్ పోటీలకు వెళ్తాడు. పరిగెత్తుతూ, గోడల చాటు నుంచి, గడియారంతో పోటీపడి కాల్చే ఆట అది. 1976లో మిస్సోరీలోని కొలంబియాలో దానికి అంతర్జాతీయ సమాఖ్య పెట్టారు. జెఫ్ కూపర్ మొదటి అధ్యక్షుడు. "ఏరా, పిడి ఒక్కటేనా? నేను మామూలు మోడల్ తీసుకుని, గన్‌స్మిత్ చేత బ్యారెల్ కూర్పించి, సైట్లు మార్పించి, ట్రిగ్గర్ నునుపు చేయించాను. పెట్టేదంతా ట్రిగ్గర్ మీద, సైట్ల మీద పెట్టు. మిగిలింది తూటాలకి దాచుకో. మెరుపులకు ఖర్చు పెట్టేవాళ్లు తూటాలు కొనలేక ఇంట్లో కూచుంటారు" అన్నాడు. ఇంత చౌకగా ఇంత మంచి సలహా ఎక్కడా దొరకదు. చిక్కల్లా ఒకటే. ఆయన ఆట ఐర్లండ్‌లో నేరం. 2009 చట్టం ప్రాక్టికల్ షూటింగ్‌ని పేరు పెట్టి మరీ నిషేధించింది.

అది ఎందుకో తెలుసుకోబోయి ఈ ఊరి చరిత్రలో పడ్డాను.

క్లబ్బులో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన చెప్పిన కథ ఇది. 1972 ఆగస్టులో ప్రభుత్వం ఒక ఉత్తర్వు వేసింది. అన్ని పిస్టళ్లూ, పాయింట్ టూటూ కంటే పెద్ద రైఫిళ్లూ పోలీసు స్టేషన్లో అప్పగించాలని. ఉత్తరాన కాల్పులు, బాంబులతో అది అన్నిటికంటే నెత్తురోడిన సంవత్సరం. జనవరిలో డెర్రీలో సైన్యం ఊరేగింపు మీద కాల్పులు జరిపింది. జనం దగ్గరున్న తుపాకులు తప్పుడు చేతుల్లో పడతాయని ప్రభుత్వం భయపడింది, ఆ భయాన్ని నేను తప్పుపట్టలేను. ఉత్తర్వు పేరులోనే 'తాత్కాలిక' అని ఉంది. గడువు ఒక నెల. పెద్దాయన తండ్రి తన పోటీ పిస్టల్‌ని గుడ్డలో చుట్టి స్టేషన్లో ఇచ్చి రసీదు తెచ్చుకున్నాడట. నెల గడిచింది. గడువు తీరినా లైసెన్సులు మాత్రం మళ్లీ ఇవ్వలేదు. కొందరు కోర్టుకెక్కాక, 2004లో గానీ పిస్టల్‌కి లైసెన్సు రాలేదు. నెల అన్నది ముప్ఫై రెండేళ్లయింది. తండ్రి పోయాడు. రసీదు ఇంకా ఉంది, నాకు చూపించాడు.

ఆ తర్వాత నాలుగేళ్లలో పిస్టళ్లు వేలల్లోకి చేరుకునేసరికి మళ్లీ గాబరా. 2008 నవంబరు 19 నాటికి లైసెన్సున్న పెద్ద పిస్టళ్లకే కొనసాగింపు, కొత్తవాళ్లకు లేదు. ఒలింపిక్ నియమాల పోటీల కోసం తయారైన ఎయిర్ పిస్టళ్లు, అయిదు తూటాలకు మించని పాయింట్ టూటూ పిస్టళ్లు మాత్రం మిగిలాయి. నేను దూరిన సందు అదే. మూడేళ్లకు ఎనభై యూరోల ఫీజు, గోడకు బిగించిన ఇనప పెట్టె, ఇల్లు చూసి వెళ్లే గార్డా.

ఇదే ఊరు ఒకప్పుడు పిస్టళ్లకు పేరుపడ్డదని తెలిసినప్పుడు నవ్వొచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం చివర ఐరిష్ పెద్దమనుషులు మాట పడితే తెల్లారేసరికి పొలంలో ఎదురెదురుగా నిలబడేవారు. 1777లో క్లాన్‌మెల్‌లో కూర్చుని దానికి నియమావళి కూడా రాసుకున్నారు. డబ్లిన్‌లో రిగ్బీ కొట్టు వాళ్లకి జతల పిస్టళ్లు చేసేది. పెట్టెలో రెండు పిస్టళ్లు, మందు కుప్పె, గుండ్లు పోసుకునే అచ్చు. నాకు ఆసక్తి కలిగింది వాటి పిడి మీద. చేతిలోకి తీసుకుని చెయ్యి చాస్తే గొట్టం చూపుడువేలంత సహజంగా గురిపెట్టాలి, అదీ ఆ పనితనం. కొన్నిటికి వెంట్రుక తాకితే పేలేంత సున్నితమైన ట్రిగ్గర్లు. పోటీ పిస్టల్ అన్నదానికి ముత్తాతలు ఇవే. తేడా అల్లా, ఆ పోటీలో రెండో బహుమతి ఉండేది కాదు.

1815లో డేనియల్ ఓకానెల్ డబ్లిన్ కార్పొరేషన్‌ని బిచ్చపు కార్పొరేషన్ అన్నందుకు, అందులో సభ్యుడు డెస్టెర్ ఆయన్ని ద్వంద్వానికి పిలిచాడు. ఫిబ్రవరి 1న కిల్డేర్ జిల్లాలో నిలబడ్డారు. డెస్టెర్ గురి తప్పింది. ఓకానెల్ గుండు తుంటికి తగిలి డెస్టెర్ రెండు రోజులకు చనిపోయాడు. ఆ తర్వాత ఓకానెల్ రక్తపాతం వద్దని చెప్పే నాయకుడయ్యాడు. ప్రసాదం తీసుకునేటప్పుడు ఆ చేతికి తొడుగు వేసుకునేవాడని చెబుతారు. ఇక్కడి నుంచి పావుగంట నడిస్తే ఆయన పేరిట వీధి, ఆయన విగ్రహం. ఈ కథ మా ఆవిడకి చెప్పాను. "చూశారా మరి" అంది. నా పక్షాన చెప్పబోయిన కథ ఆమె పక్షానికి వెళ్లిపోయింది.

రిగ్బీ వంశంలోని జాన్ రిగ్బీ తానే చేసిన రైఫిల్ పట్టుకుని 1874లో న్యూయార్కు దగ్గర క్రీడ్‌మూర్‌లో ఐర్లండ్ తరఫున కాల్చాడు. అంతకు ముందు ఏడాది ఐర్లండ్ జట్టు ఎల్కో షీల్డ్ గెలిచి, అమెరికావాళ్లకి సవాలు విసిరింది. సవాలు అందిన అమెరికన్ల దగ్గర ఆ దూరాలకు తగ్గ రైఫిలే లేదు. రెమింగ్టన్, షార్ప్స్ కంపెనీలు ఆ పందెం కోసమే కొన్ని నెలల్లో తయారు చేశాయి. 800, 900, 1000 గజాలు. స్కోరు 934కి 931. ఒక ఐరిష్ షూటర్ నడిమి చుక్కను చక్కగా కొట్టాడు, కానీ పక్కవాళ్ల టార్గెట్ మీద. ఓటమి మూడు పాయింట్లు, ఆ ఒక్క దెబ్బ విలువ నాలుగు. మరుసటి ఏడు తిరుగు పందెం ఇక్కడే, లిఫీ నది సముద్రంలో కలిసే చోటికి ఉత్తరాన, డాలీమౌంట్ ఇసకలో. అప్పుడూ అమెరికావాళ్లే గెలిచారు, 967కి 929. సైకిల్ మీద చూసి వచ్చాను. గోల్ఫు మైదానం, కుక్కలతో వాకింగులు.

మనవాళ్ల జాడ కూడా ఒకటుంది. వి.వి.గిరి 1913లో డబ్లిన్ వచ్చి న్యాయశాస్త్రం చదివాడు. 1916 ఈస్టరు తిరుగుబాటులో డి వలేరా దండు మా వీధికి దగ్గర్లోని బోలండ్స్ బేకరీలో మాటేసింది. తిరుగుబాటు అణిగాక గిరిని దేశం వదిలి పొమ్మన్నారు. తర్వాతి రోజుల్లో రాష్ట్రపతి అయినవాడు తిరిగిన వీధుల్లో నేను తుపాకీ పిడి అరగదీసుకుంటున్నానంటే కొంచెం సిగ్గేసింది. స్వదేశంలో అప్పటికి 1878 ఆయుధాల చట్టం ఉంది. దొరలకు మినహాయింపు, మనకు లైసెన్సు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా పడింది తుపాకుల కోసమే.

మా ఆవిడ మనసు కాస్త మెత్తబడింది మాత్రం చరిత్ర వల్ల కాదు, ఈషా సింగ్ వల్ల. హైదరాబాదు అమ్మాయి. 2018లో పదమూడేళ్లకే జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో పిస్టల్‌తో ఒక స్వర్ణం, మూడు రజతాలు. టీవీలో ఆ పిల్ల ఊపిరి బిగబట్టి చెయ్యి దించి మళ్లీ ఎత్తడం చూసి "ఇంత ఓపిక కావాలా దీనికి?" అంది. కావాలి. పిస్టల్ పైకెత్తి, కుదరలేదనిపిస్తే కాల్చకుండా దించేయడమే ఇందులో అసలు విద్య.

నా మొదటి పోటీలో తనిఖీ బల్ల దగ్గరే ఆగిపోయాను. పిస్టల్ 420 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 50 వెడల్పు ఉన్న పెట్టెలో పట్టాలి. బరువు కిలోన్నర దాటకూడదు. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మొయ్యాలి. మిగతావన్నీ సరిపోయాయి. పెట్టెలో పట్టలేదు. అరచేతి పక్కన నేను ప్రేమగా పెట్టిన ముద్ద రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. తప్పు పూర్తిగా నాదే. నియమం చదివాను, కొలవలేదు. పెద్దాయన జేబులోంచి చిన్న ఆకురాయి తీసి ఇచ్చాడు. కారు పార్కింగ్‌లో తలుపు తీసుకుని కూచుని, పిడి మాత్రం విప్పి ఒళ్లో పెట్టుకుని అరగదీశాను. మా ఆవిడ కూడా వచ్చింది, చూడ్డానికి కాదు, కారు నడపడానికి. కాసేపు చూసి, తన స్కార్ఫు నా మోకాళ్ల మీద పరిచింది, పొడి సీటు మీద పడకుండా.

"ఇటు ఇంకొంచెం ఉంది" అని వేలు పెట్టి చూపించింది.