చిత్తడి నేలల మీద పెద్ద గుడి

లండన్ నుంచి లోవెస్టాఫ్ట్ వైపు పోయే ఎ12 రహదారి సఫక్ తీరానికి దగ్గరయ్యేకొద్దీ నేల పల్లమవుతుంది. రెల్లు దుబ్బులు, సముద్రం ఆటుకు వెనక్కి పోయినప్పుడు బయటపడే బురద, వాటి పైన ఎత్తుగా పొడవాటి రాతి కట్టడం. అది బ్లైబరో గ్రామపు హోలీ ట్రినిటీ చర్చి. ఊళ్లో ఉండేది కొన్ని వందల మంది. చర్చి పొడవు మాత్రం దాదాపు 40 మీటర్లు. 'చిత్తడి నేలల కెథీడ్రల్' అని ముద్దుపేరు పెట్టుకున్నారు గాని, ఇక్కడ బిషప్ పీఠమేమీ లేదు. ఇది అచ్చమైన విచారణ (పారిష్) గుడి. చుట్టుపక్కల జనానికి జ్ఞానస్నానం, పెళ్లి, చివరికి సమాధి కూడా ఇక్కడే.

ఒకప్పుడు ఊరు ఇంత చిన్నది కాదు. 7వ శతాబ్దం నడుమ ఈస్ట్ ఆంగ్లియాను ఏలిన ఆనా (ఆడపేరులా ఉన్నా మగవాడే) ఊరి పక్క బ్లైత్ నదికి అవతల బల్‌క్యాంప్ దగ్గర మెర్సియా రాజు పెండా చేతిలో చనిపోయాడు. ఆయన్ను బ్లైబరోలోనే పూడ్చారని తర్వాతి కాలపు సన్యాసులు రాసిపెట్టారు. 12వ శతాబ్దంలో అగస్టీనియన్ సన్యాసుల మఠం వచ్చింది. బ్లైత్ నది మీదుగా ఓడలు ఊరిదాకా వచ్చేవి. రేవు ఉన్నచోట సంత, సంత ఉన్నచోట డబ్బు. 1412 ప్రాంతంలో పాత గోపురాన్ని ఉంచి మిగతాదంతా కొత్తగా కట్టడం మొదలుపెట్టారు.

ఆ కాలపు భక్తిలో లెక్క కూడా ఉంది. చనిపోయాక ఆత్మ ఉత్తరించు స్థలంలో ఎంతకాలం ఉండాలో, బతికున్నవాళ్లు చేయించే పూజలను బట్టి ఉంటుందని నమ్మేవారు. అందుకే కలిగినవాళ్లు గుడికి ధారాళంగా ఇచ్చారు. భూస్వామి జాన్ హాప్టన్ తన వంశం కోసం నిత్యపూజ జరిగేలా 15వ శతాబ్దం నడుమ ఇక్కడ ప్రత్యేక ప్రార్థనాలయం ఏర్పాటు చేశాడు. గుడి వైభవం వెనక స్వార్థముందని ఈసడించుకోనక్కర్లేదు. అదే స్వార్థం మంచి వడ్రంగులకు పని ఇచ్చింది.

ఆ వడ్రంగుల పని చూడాలంటే ముందు కిందికి, తర్వాత పైకి చూడాలి. కింద బెంచీల చివర్లలో చెక్కిన బొమ్మలున్నాయి. సోమరితనం మంచం మీదే కూర్చుంది, తిండిపోతుతనం బొజ్జ పట్టుకుంది, పిసినారితనం డబ్బుపెట్టె మీద కూర్చుంది. చదువు రాని రైతుకు ప్రసంగం అర్థంకాకపోయినా, పక్క బెంచీ అర్థమయ్యేది. పైన, రంగులు వెలిసిన పొడవాటి దూలాల మధ్య, రెక్కలు చాచిన కొయ్య దేవదూతలు.

పతనం కూడా ఒక్కసారిగా రాలేదు. ఓడలు పెద్దవయ్యాయి, నది పూడింది, వ్యాపారం వేరే రేవులకు తరలింది. 1537లో ఎనిమిదో హెన్రీ మఠాన్ని మూయించాడు. పదేళ్లకు ఆత్మశాంతి పూజల ప్రార్థనాలయాలనూ ప్రభుత్వం రద్దుచేసింది. 1577 ఆగస్టు 4, ఆదివారం, జనం గుళ్లో ఉండగా పిడుగు పడింది. గోపుర శిఖరం కప్పును చీల్చుకుని కూలింది, ప్రాణాలు పోయాయి. ఆ రోజే బంగే ఊరి చర్చిలోకీ ఇక్కడికీ ఒక నల్లకుక్క రూపంలో సైతాను వచ్చిందని అబ్రహాం ఫ్లెమింగ్ అనే రచయిత చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఉత్తరపు తలుపు మీది కాలిన గుర్తులు ఆ కుక్క గోళ్లవేనని ఇప్పటికీ చూపిస్తారు. పిడుగు కన్నా కుక్కకే పేరొచ్చింది, కథలకు అది మామూలే.

తర్వాత 1644 ఏప్రిల్‌లో విలియం డౌసింగ్ వచ్చాడు. అంతర్యుద్ధ కాలంలో పార్లమెంటు పక్షం తరఫున గుళ్లలోని విగ్రహాలు, చిత్రాలు తొలగించే పని ఆయనది. సఫక్, కేంబ్రిడ్జిషైర్లలో సుమారు 250 చర్చిలు తిరిగి, దినచర్యలో అన్నీ రాసుకున్నాడు. ఇక్కడి 20 దేవదూతలను దించాలని ఆజ్ఞ ఇచ్చాడు. కిటికీల రంగుటద్దాలు పోయాయి గాని, అంత ఎత్తులో ఉన్న దూతలన్నీ దిగలేదు. ఆ చెక్కలోని తుపాకి గుళ్లు డౌసింగ్ మనుషులవేనని చాలాకాలం నమ్మారు. మరమ్మతులప్పుడు చూస్తే అవి 18వ శతాబ్దపువి. గుళ్లో చేరిన చిన్నకాకులను తరమడానికి చర్చి పెద్దలే కాల్పించారు. నింద మోసిన డౌసింగ్‌కు ఈ విషయంలో మాత్రం మనం క్షమాపణ బాకీ.

1676లో ఊరు తగలబడింది. పేదరికం స్థిరపడింది. కిటికీలు ఇటుకలతో మూసేశారు. కప్పు కారుతుంటే గొడుగులు వేసుకుని ప్రార్థన చేసేవారని చెప్పుకుంటారు. 1881లో ప్రమాదకరమని బిషప్ గుడి మూయించాడు. ఇక్కడే అసలు విశేషం. అప్పుడు ఇంగ్లండ్‌లో పునరుద్ధరణ పేరుతో పాత చర్చిలను కొత్త చర్చిల్లా మార్చే జోరు నడుస్తోంది. డబ్బున్న ఊళ్లు పాత కప్పులు పీకి కొత్తవి వేయించుకున్నాయి. బ్లైబరోకు ఆ స్తోమత లేదు. పైగా 1877లో విలియం మోరిస్ స్థాపించిన పురాతన కట్టడాల రక్షణ సంఘం జోక్యం చేసుకుని, ఉన్నదాన్ని నిలబెట్టండి, మార్చకండి అని పోట్లాడింది. 1884లో గుడి మళ్లీ తెరుచుకుంది. డబ్బు కట్టిన దాన్ని లేమి కాపాడింది. ఈ మాట పేదరికాన్ని పొగడడానికి కాదు, తప్పు మరమ్మతు ఎంత నాశనకరమో చెప్పడానికి.

20వ శతాబ్దంలో ఇంకో మలుపు. 1969లో దగ్గర్లోని ఆల్డ్‌బరోలో ఆ ఏటి సంగీతోత్సవం మొదలైన రాత్రే స్నేప్‌లోని దాని కచేరీశాల కాలిపోతే, మోజార్ట్ ఒపేరా 'ఇడొమెనియో'ను ఈ గుళ్లో ప్రదర్శించారు.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు సెలవులకు తూర్పు తీరం వెళ్తుంటారు. దారిలో బ్లైబరో దగ్గర ఆగండి. టికెట్ ఉండదు. పగటి వెలుగు ఉండగా వెళ్లండి, పైకప్పు చూడడానికి దుర్భిణి ఒకటి వెంట ఉంచుకోండి. వచ్చేముందు హుండీలో ఎంతోకొంత వేయండి. ఆరు వందల ఏళ్ల కప్పుకు ఖర్చు ఆగదు.